అక్క కాలు లేచినంత ఎత్తు

నేను కొన్న మొదటి కారు ఏడుగురు కూర్చునే ఎత్తైన బండి. సెకండ్ హ్యాండ్. తెలంగాణ రాష్ట్రం వచ్చిన రెండు మూడేళ్లకు, నకిరేకల్ పశువుల దవాఖానలో పనిచేస్తున్నప్పుడు కొన్నాను. డాక్టరు గారి కింద సహాయకుణ్ని. చుట్టుపక్కల ఊళ్లు తిరిగి గొర్రెలకు నట్టల మందు తాగించడం, టీకాలు వేయడం నా పని. అప్పటిదాకా మోటారు సైకిలు వెనక మందుల డబ్బా కట్టుకుని తిరిగేవాణ్ని. గొర్రెల మందలు తారురోడ్డు పక్కన దొరకవు. బండ్లబాటల్లో, రాళ్లగుట్టల కింద, బీడు చెల్కల్లో ఉంటాయి. నేల నుంచి ఎంత ఎత్తుంటే అంత మంచిదని ఏరికోరి ఆ బండి తీసుకున్నాను.

తెచ్చిన రోజు ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాను. మా ఇంటామె కొబ్బరికాయతో బయటికి వచ్చింది. ఆమె వెనకే గోడ పట్టుకుంటూ అక్క వచ్చింది.

అక్క నాకంటే పదకొండేళ్లు పెద్ద. మాది మర్రిగూడ వైపు ఊరు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోయింది. బాపు గొర్లను తోలుకుని మేత కోసం నెలల తరబడి పోయేవాడు. నన్ను సాకింది అక్కే. మా ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉండేది. అవే తాగాం, వాటితోనే వండుకున్నాం. పదిహేనేళ్లు వచ్చేసరికి అక్క మోకాళ్లు లోపలికి వంగడం మొదలైంది. పాతికేళ్లు దాటేసరికి నడుము బిగుసుకుపోయింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వచ్చేది. ఆమె పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు. ఆమె బట్టలు కుట్టడం నేర్చుకుంది. కాలితో తొక్కే మిషను ఆమెకు పనికిరాదు కాబట్టి చేత్తో తిప్పే మిషను మీద సగం ఊరి జాకెట్లు కుట్టింది. నాకు ఉద్యోగం వచ్చాక నాతోపాటు నకిరేకల్ వచ్చి, మిషనుకు చిన్న మోటారు పెట్టించుకుని ఇక్కడా అదే పని చేస్తోంది.

ముందు తలుపు తీసి, "కూసో అక్కా, ఒక్క చక్కర్ కొట్టొద్దాం" అన్నాను. ఆమె ఒక చేత్తో తలుపు పట్టుకుని, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి కాలు లేపింది. తలుపు కింద గడపలా ఉండే అంచుకు నాలుగు వేళ్ల దూరంలో పాదం ఆగిపోయింది. మళ్లీ లేపింది. మళ్లీ అక్కడే ఆగింది. నేను చంకల కింద చేతులు వేసి ఎత్తబోతే వద్దంది. వీధిలో నలుగురూ నిలబడి చూస్తున్నారు.

"ఎక్కొస్తలేదు తమ్మీ. రంగు మాత్రం మంచిగున్నది. మీరిద్దరు పోయి రాండ్రి" అని తలుపును అరచేత్తో నిమిరి, గోడ పట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

మేమిద్దరం పోయి వచ్చాం. ఎటు పోయామో నాకిప్పుడు గుర్తు లేదు.

మర్నాడు ఒక చెక్క స్టూలు తెచ్చాను. దాని మీద ఒక కాలు పెట్టి రెండో కాలు లేపేలోపు స్టూలు ఒరిగింది. నేను పట్టుకున్నా ఆమె మోకాలు బండి అంచుకు తగిలింది. వాపు తగ్గేదాకా పదిహేను రోజులు మిషను ముందు కూర్చోలేకపోయింది. "ఇగ కదిలేదాని మీద నేను కాలు పెట్ట" అని తెగేసి చెప్పింది. ఆ తర్వాత దవాఖానకు ఎప్పటిలాగే ఆటోలోనే. ఆటో కిందికి ఉంటుంది కాబట్టి ఎక్కగలదు. కానీ నల్లగొండ దాకా ఆటోలో పోయి వస్తే ఆ కుదుపులకు రెండు రోజులు మంచం దిగేది కాదు. నా బండి మాత్రం ఇంటి ముందే ఉండేది. పొద్దున్నే నేను బండి తీస్తుంటే కిటికీ పక్కన మిషను మీద తల వంచుకుని కుడుతూ ఉండేది.

ఒకరోజు మా ఇంటామె అన్నం వడ్డిస్తూ, "గొర్లకు అనువైన బండి కొన్నవ్. ఇంట్ల మనిషికి అనువైందా అని సూడలే. నేను సూడలే, నువ్వు సూడలే" అంది. కోపంగా అనలేదు. ఆ బండి అమ్మి ఇంకోటి కొనే స్తోమత అప్పుడు లేదు. దాన్నే కిందికి దించే దారి ఉందేమోనని అడగడం మొదలుపెట్టాను.

హైవే మీద ఒక గ్యారేజీలో పడుచువాళ్లు షోకు కోసం కార్లు కిందికి దింపించుకుంటారని విన్నాను. అక్కడి అతను కింద పడుకుని చూసి, "స్ప్రింగులు రెండు చుట్లు కోస్తే అయిపాయె అన్నా. గంట పని" అన్నాడు. ఇంత సులువా అనుకుని వచ్చే ఆదివారం తెస్తానని చెప్పాను. ఈలోపు టీకా మందు కోసం నల్లగొండ పోయినప్పుడు బ్రేకు కీచుమంటోందని పాత బస్తీలో ఒక ఉస్తాద్ దగ్గర ఆగాను. అరవై దాటిన మనిషి. జీపులు, లారీలు బాగుచేస్తూ పని నేర్చుకున్నవాడు. బ్రేకు చూస్తున్నంత సేపు ఆయనకు నా ఆదివారం సంగతి చెప్పాను. ఆయన పని ఆపి చేతులు తుడుచుకున్నాడు.

"కోస్తే దిగుతది సార్. ఎందుకు దిగదు. కానీ కోసిన స్ప్రింగు తన జాగల తను కూసోదు. గుంత కాడ ఎగిరితే పక్కకు జరుగుతది. ఎవరిని కూసోబెట్టనీకి దించుతున్నరు?"

అక్క గురించి చెప్పాను. నడుము గురించి కూడా చెప్పాను.

"గట్లయితే అసలే కొయ్యొద్దు" అని, మూలన పడి ఉన్న పాత స్ట్రట్ ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. ముందు చక్రం మీద బండి బరువును మోసే నిలువు కడ్డీ అది. చుట్టూ స్ప్రింగు ఉంటుంది, లోపల నూనె నిండిన షాకబ్సర్ ఉంటుంది. రాడ్‌ను అరచేత్తో లోపలికి నొక్కాడు. పోయింది, మళ్లీ పైకి రాలేదు. "మీ బండియి గూడ గిట్లనే అయినయి. నూనె కారింది, నేను సూసిన. వీటి మీద పొట్టి స్ప్రింగు ఏస్తే రాడ్ పోయి అడుగున గుద్దుకుంటది. ఆ దెబ్బ ఎవరికి తగుల్తది? అక్కయ్య నడుముకు. స్ప్రింగులు పొట్టియి కావాలె, వాటికి సరిపోయే స్ట్రట్లు కొత్తయి కావాలె. రెండూ జోడు."

తర్వాత ఆయన అడిగాడు. "అక్కయ్య కాలు ఎంత ఎత్తు లేస్తది?"

ఆమెతో ఒకే ఇంట్లో ఉంటూ ఆ సంగతి నాకు తెలియదు. ఇంటికి వచ్చి మొహమాటపడుతూ అడిగాను. అక్క ఏమీ అనుకోలేదు. మెడలోని టేపు తీసి మా ఇంటామెకు ఇచ్చింది. గోడకు చేయి ఆనించి కాలు లేపింది. పాదం కింద గోడ మీద సుద్దతో గీత గీయించింది. "ఎంతున్నది?" అంది. పదమూడు అంగుళాలు. "ఇప్పుడు బండిది కొలువు." పదహారు. "మూడు ఇంచులు తక్కువ" అంది, ఎవరి జాకెట్టు చేతి పొడుగో చెప్పినట్టు.

ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఇంచిన్నరకు మించి దించనన్నాడు. అంతకంటే దిగితే చక్రం పైన రాసుకుంటుందట, రోడ్డు మీద బండి గట్టిపడిపోతుందట. ఫోన్ స్పీకరులో పెట్టి ఉంది. అక్క మిషను ఆపి విన్నది.

"ఇంచిన్నర ఆయన దించుతడు గదా. మిగిలింది నేను సూస్కుంట" అంది.

నల్లగొండ దవాఖానలో కాళ్లకు కసరత్తులు నేర్పించే మేడం ఒకామె ఉండేది. ఆమె చెప్పినవి అక్క కొన్నాళ్లు చేసి, లాభం లేదని మానేసింది. వాటిని మళ్లీ మొదలుపెట్టింది. పొద్దున్నే కిటికీ చువ్వలు పట్టుకుని ఆ సుద్ద గీత దగ్గర కాలు లేపేది. పంటి బిగువున లేపేది. హైదరాబాదు నుంచి స్ప్రింగులు, స్ట్రట్లు రావడానికి నెల దాకా పట్టింది. ఆ నెలలో గోడ మీద కొత్త గీత పాతదానికి అర అంగుళం పైకి పోయింది. వంగిన ఎముక సరికాదని మేడం ముందే చెప్పింది. ఆ అర అంగుళం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకూ చెప్పడం చేతకాలేదు.

సామాను వచ్చిన రోజు నేను సెలవు పెట్టి ఉస్తాద్ దగ్గరే కూర్చున్నాను. కొత్త స్ప్రింగుకు ఒక వైపు చుట్లు దగ్గరగా, ఇంకో వైపు ఎడంగా ఉన్నాయి. "మొదలు మెత్తగ కుంగుతది, బరువు పడ్డకొద్దీ గట్టిగ నిలబడ్తది. అక్కయ్య కోసం గిసొంటిదే కావాలని చెప్పి తెప్పించిన" అన్నాడు. పాత స్ప్రింగును రెండు కొక్కేల మధ్య బిగించి నొక్కేటప్పుడు నన్ను దూరంగా గోడ పక్కకు పొమ్మన్నాడు. అది జారితే మనిషిని పడేస్తుందట. బీడీ కూడా పక్కన పెట్టి పాన తిప్పుతూ పోయాడు. ముందువి రెండూ, వెనకవి రెండూ మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. అయినా కొన్ని బోల్టులు వదులుగానే ఉంచాడు. బండిని జాకీల మీద నుంచి దించి, నేల మీద నిలబెట్టి, నన్ను లోపల కూర్చోమని అప్పుడు కిందికి దూరి వాటిని బిగించాడు.

"గాలిల ఉన్నప్పుడు బిగిస్తే లోపలి రబ్బర్లు మెలిపడ్తయి సార్. బండి తన బరువు తను మోస్తున్నప్పుడే ఆఖరి బోల్టు బిగియ్యాలె. వారం నడిపినంక ఇంకో రెండు గీతలు కిందికి కూసుంటది. అప్పుడు చక్రాల అలైన్‌మెంటు సూపియ్యుండ్రి, లైట్లు జర పైకి తిప్పియ్యుండ్రి."

బయలుదేరబోతుంటే లోపలికి పోయి ఒక చెక్క తెచ్చాడు. అంగుళం మందం. మనుషులు ఇద్దరు పక్కపక్కన నిలబడేంత వెడల్పు. అడుగున పాత టైరు రబ్బరు అతికించి ఉంది. "మిగిలిన ఇంచు ఇది. స్టూలు లెక్క కాదు, నేలే జర లేచినట్టుంటది. కదలదు" అన్నాడు. అక్క కాలి కింద స్టూలు ఒరిగిన సంగతి నేను ఎప్పుడో మాటల్లో అన్నాను. దాన్ని ఆయన గుర్తుపెట్టుకున్నాడు.

వారం తర్వాత ఒక సాయంత్రం బండి ఇంటి ముందు ఆపి చెక్క వేశాను. అక్క దాన్ని చేతికర్రతో నాలుగు వైపులా పొడిచి చూసింది. తర్వాత ఎక్కి నిలబడింది. మా ఇంటామె వెనక నిలబడింది, కానీ పట్టుకోలేదు. అక్క కాలు లేపింది. పాదం అంచుకు రాసుకుని లోపలికి పోయింది. మనిషి మొత్తం తిరిగి సీటు మీద కూర్చుంది. రెండో కాలును చేత్తో పట్టి లోపలికి లాక్కుంది. అంతే. నేను అటు తిరిగి తలుపు వేయడానికి చాలాసేపు తీసుకున్నాను.

"పోనియ్యి" అంది.

బస్టాండు దాకా, అక్కడి నుంచి నిమ్మకాయల మార్కెట్ దాకా పోయాం. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా నేను ఆమె ముఖం చూసేవాణ్ని. మూడోసారికి, "రోడ్డు సూడు, నన్నేం సూస్తవ్. నొస్తలేదు" అంది.

బండి ఎత్తు తగ్గిన ఇబ్బంది నా ఉద్యోగంలో కనిపించింది. పాత బండ్లబాటల్లో అడుగు రాళ్లకు గీసుకునేది. మొదటి వారమే రెండుసార్లు ఆపి దిగాల్సి వచ్చింది. తారురోడ్డు మీదే బండి పెట్టి, మందు క్యాను భుజాన వేసుకుని నడవడం మొదలుపెట్టాను. ఆ బాటల చివర ఒక ఊళ్లో ముసలి గొర్రెల కాపరి ఒకాయన ఉండేవాడు. మా బాపు వయసు ఉంటుంది. రెండు కిలోమీటర్లు నడిచి చెమటలు కక్కుతూ నేను వస్తుంటే చూసి, "మంచిగున్న బండిని గట్ల కుంగగొట్టినవేంది సారూ?" అన్నాడు.

చెప్పాను. ఆయన గొర్రె మూతి పట్టుకుని నాతో మందు పోయించాడు. తర్వాత, "మా చెల్లె గూడ గట్లనే ఉండె. దానికి ఇరవై ఏండ్లు బయటి దునియా తెల్వది. మంచం మీదనే పోయింది" అన్నాడు.

తర్వాతిసారి ఆ ఊరికి పోతే మంద రోడ్డు పక్కన మైసమ్మ గుడి ముందర ఉంది. ఆ ఊరిది ఒక్కటే కాదు, పక్క రెండు ఊళ్ల మందలూ అక్కడికే తోలుకొచ్చారు. ఎవరు చెప్పారని అడిగితే పెద్దాయన గొర్రెలను లెక్కపెడుతున్నట్టు అటు తిరిగాడు. ఆ తర్వాత నేను ఆ వైపు పోయినన్ని రోజులూ మందలు రోడ్డు దగ్గరికే వచ్చాయి. ఆ ఎండలో అంత దూరం గొర్రెలను నడిపించుకురావడం ఎంత కష్టమో నాకు తెలుసు. మా బాపు చేసిన పనే అది.

ఆ చలికాలంలో అక్కను ఎక్కడికి పోదామని అడిగాను. దగ్గరి గుళ్లు ఏవైనా చెబుతుందనుకున్నాను. "ఆలంపూర్" అంది. "జోగులాంబను సూస్త. దారిల నది గూడ ఉంటదంట గదా. నేను నది సూడలే." నలభై ఐదేళ్లు దాటిన మనిషి ఆ మాట అంటుంటే మా ఇంటామె నావైపు చూసింది.

తెల్లవారుతుండగా బయలుదేరాం. దేవరకొండ మీదుగా కల్వకుర్తి, జడ్చర్ల. అక్క ముందు సీట్లో కూర్చుని పత్తి చేలు, గుట్టలు, రోడ్డు మీద పోయే ప్రతి లారీ చూస్తూనే ఉంది. మెడ తిరగదు కాబట్టి పక్కకు పోయేవి కనిపించవు. ముందు అద్దంలోకి వచ్చేది మాత్రం దేన్నీ వదల్లేదు. మహబూబ్‌నగర్‌లో ఇడ్లీ తిన్నాం. దుకాణం ముందు బండి దగ్గరికే ప్లేటు తెచ్చిస్తానంటే, దిగుతానని చెక్క వేయించుకుని దిగింది, మళ్లీ ఎక్కింది. ఆ దిగి ఎక్కడంలోనే ఆమెకు సంబరం ఉందని నాకు అర్థమైంది. ఆ తర్వాత టీకి ఆపాను, మూత్రానికి ఆపాను, ఊరికే కూడా ఆపాను.

బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక బండిని ఘాట్ వైపు తిప్పి, నీళ్లు బాగా కనిపించే చోట నిలబెట్టాను. అక్క సీటు అంచుకు జరిగి నీళ్లు చూసింది. ఆ మధ్యే మా వైపు ఇళ్లకు నల్లాల్లో కృష్ణా నీళ్లు రావడం మొదలైంది.

"మన నల్లల వచ్చేది గీ నీళ్లేనా?" అంది.

"గీ నదియే అక్కా. ఇంకా కిందికి పోయినంక తీస్తరు."

"మంచిగున్నయి" అని, కొంచెం ఆగి అంది. "నిన్ను ఆరో తరగతికి నల్లగొండ హాస్టల్ల ఎందుకు ఏసిన్నో ఎరుకేనా?"

"సదువు కోసం."

"సదువు మనూర్ల గూడ ఉండె. అప్పటికే నా కాళ్లు వంగుతుండె. నీళ్లతోనే అని దవాఖానల చెప్పిండ్రు. గా హాస్టల్ల మంచి నీళ్లొస్తయని మన బడి సారు చెప్పిండు. బాపు వద్దన్నడు, గొర్ల కాడికి తోడు కావాలన్నడు. నేను రెండు రోజులు అన్నం తినలే. అప్పుడు ఒప్పుకున్నడు."

నేను హాస్టల్‌కు పోయిన రోజు ఏడ్చాను. అక్క బస్సు దగ్గరికి కూడా రాలేదని చాలా ఏళ్లు మనసులో పెట్టుకున్నాను. నన్ను వదిలించుకుందని కూడా ఒక వయసులో అనుకున్నాను. ఆ మాట అప్పుడు ఆమెతో చెప్పాను. అక్క నవ్వింది. "బస్సు కాడికి వస్తే ఎక్కనియ్యకపోదును" అంది. నా కాళ్లు నిటారుగా ఉన్నాయి. నలభై దగ్గర పడుతున్నా మందు క్యాను మోసుకుని గుట్టలెక్కుతున్నాను. అవి ఎవరు ఇచ్చిన కాళ్లో నాకు ఆ రోజు తెలిసింది. వంగి ఆమె పాదాల దగ్గర పడిన చాయ్ కప్పు తీసి పారేశాను. వెనక సీట్లో మా ఇంటామె కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

ఆలంపూర్‌లో జోగులాంబ దర్శనానికి లోపలిదాకా నడిచింది, మధ్యలో రెండుచోట్ల ఆగి. నవబ్రహ్మ గుళ్లలో అన్నింటికీ మెట్లున్నాయి. ఒక గుడి ముందు రాతి అరుగు మీద కూర్చుని, "మీరు తిరిగి రాండ్రి" అంది. మేం వచ్చేసరికి స్తంభం మీద చెక్కిన లతను వేలితో గీస్తూ ఉంది. జాకెట్టు అంచుకు అలాంటిది కుట్టొచ్చునంది. తర్వాత తుంగభద్ర చూపించాను. "ఇంకో నది" అంది, లెక్క రాసుకున్నట్టు.

ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున లేచేసరికి ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. అంత దూరం పోయి వచ్చాక ఆమె మంచం మీద లేకపోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ వారంలోనే ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. ఆయనకు కృతజ్ఞతలు ఎలా చెప్పాలో దారంతా ఆలోచించాను. నేను నోరు తెరిచేలోపే ఆయన, "గుంతలల్ల ముందు నుంచి సప్పుడు ఏమన్న వస్తుందా?" అని అడిగాడు. రావట్లేదన్నాను. "అక్కయ్య నడుము?" "మంచిగున్నది." ఆయన తల ఊపి మళ్లీ ఇంజనులోకి వంగాడు. కాసేపటికి అక్కడి నుంచే అన్నాడు. "నలభై ఏండ్ల సంది బండ్లు రిపేరు చేస్తున్న సార్. మందిని ఊర్లకు పంపిన. గిట్ల ఒక మనిషిని గుర్తుపెట్టుకొని ఎన్నడు చెయ్యలే. నాకు గూడ మంచిగ అనిపించింది." నేను సిద్ధం చేసుకున్న మాటలేవీ అవసరం పడలేదు. ఇద్దరం చాయ్ తాగాం.

అదే బండి ఇంకా నడుస్తోంది. నాకు ఇప్పుడు మందల పని తగ్గింది, దవాఖానలోనే కూర్చుంటాను. అక్క నెలకోసారి నల్లగొండ పోతుంది, కసరత్తులకు, దాని తర్వాత దారాల దుకాణానికి. ఇన్నేళ్లు ఎవరో తెచ్చిచ్చిన దారంతోనే కుట్టింది. ఆకుపచ్చ అని చెబితే ఏదో ఒక ఆకుపచ్చ తెచ్చేవాళ్లం, సర్దుకునేది. ఇప్పుడు స్వయంగా దుకాణంలో కూర్చుని బట్ట ముక్క ముందు పెట్టుకుంటుంది. దుకాణాయన ఒక్కో రీలు తీసి చూపిస్తుంటాడు.

"ఇది కాదు" అంటుంది. "ఇది గూడ కాదు. వెలుతురుల పెట్టి సూపియ్యి."

నేను బయట బండిలో కూర్చుని వింటుంటాను.